గల్లాపెట్టె ముందా, పాఠం ముందా?

అక్క బడిలో కామర్స్ చెబుతుంది. తమ్ముడు డిగ్రీ మధ్యలో మానేసి వ్యాపారం పెట్టుకున్నాడు. తమ్ముడి కూతురు ‘బిజినెస్ చదువుతాను’ అనడంతో మొదలైంది. నేను అక్క పక్షమే, ముందే చెప్పేస్తున్నాను.

తమ్ముడు: నాలుగేళ్లు ఫీజులు కట్టే బదులు నా పక్కన కూర్చుంటే నేర్చుకోదా?

అక్క: నేర్చుకుంటుంది, నీ కూతురు కాబట్టి. నీ దగ్గర పనిచేసే కుర్రాడి చెల్లెలు ఎవరి పక్కన కూర్చోవాలి?

తమ్ముడు: వ్యాపారం చెబితే వచ్చేది కాదక్కా. నీళ్లలో దిగనిదే ఈత...

అక్క: ఆ ఈత సామెత వస్తుందనుకుంటూనే ఉన్నాను. సరే, నువ్వు దిగిన మొదటి ఏడాది గుర్తుందా? ఎనభైకి కొన్న సరుకు నూటికి అమ్మావు. కొన్నవాళ్లకు మూడు నెలల గడువిచ్చావు. నీకు సరుకిచ్చినవాడు మాత్రం నెల తిరగగానే డబ్బు అడిగాడు. అమ్మకాలు రెట్టింపైతే గట్టెక్కుతాననుకున్నావు. అవి రెట్టింపయ్యాయి, నువ్వు ముందుగా కట్టవలసిన ఎనభైలూ రెట్టింపయ్యాయి. పుస్తకంలో లాభం పెరుగుతూనే ఉంది, పెట్టెలో జీతాలకు డబ్బు లేదు. ఆ రాత్రి నోటుబుక్కు పట్టుకుని నా దగ్గరికి వచ్చావు. లాభం వేరు, నగదు వేరు అన్న సంగతి నా విద్యార్థులు రెండు పీరియడ్లలో తెలుసుకుంటారు. నీకు ఏడాది పట్టింది.

తమ్ముడు: ఆ అప్పు సంగతి ఇంకా ఎన్నాళ్లు ఎత్తుతావు?

అక్క: అప్పు మాట నేనెక్కడ ఎత్తాను?

తమ్ముడు: ‘నా దగ్గరికి వచ్చావు’ అంటే ఏమిటి మరి? వడ్డీతో సహా తీర్చేశాను.

అక్క: వడ్డీ నువ్వివ్వలేదు, నేనడగలేదు.

తమ్ముడు: గడియారం కొనిచ్చాను కదా!

అక్క: అది పుట్టినరోజు కానుక. వడ్డీ ఖాతాలో రాసుకున్నావా ఏమిటి?

తమ్ముడు: ఖాతా అన్నావు కాబట్టి అడుగుతున్నాను. ప్రతి లావాదేవీనీ డెబిట్‌గా, క్రెడిట్‌గా రెండు చోట్ల రాసే జంట పద్దు విధానాన్ని 1494లో వెనిస్‌లో అచ్చువేయించిన లూకా పచోలీ ఎవరు? సన్యాసి, లెక్కల పంతులు. ఆయన కనిపెట్టిందేమీ లేదని నువ్వే చెప్పావు. అక్కడి వర్తకులు ఎప్పటినుంచో రాసుకుంటున్నదే పుస్తకంలో పెట్టాడు. అంటే ముందు అంగడి, తర్వాతే పాఠం. పోనీ పాఠం చదివినవాళ్లు ఏం వెలగబెట్టారు? అమెరికాలో ఎన్రాన్ అనే ఇంధన కంపెనీని నడిపిన జెఫ్రీ స్కిల్లింగ్ హార్వర్డ్‌లో ఎంబీఏ చేసినవాడే. 2001లో దొంగలెక్కలు బయటపడి ఆ కంపెనీ కుప్పకూలింది, తర్వాత ఆయన జైలుకు వెళ్లాడు. లెక్కలు రాకనా? వచ్చే కదా!

(ఈ దెబ్బ గట్టిగానే తగిలింది. అక్క కాసేపు మాట్లాడలేదు.)

అక్క: దానికి నా దగ్గర జవాబు లేదు. చదువు నిజాయితీ నేర్పుతుందని నేను పూచీ పడను. యూనివర్సిటీలో మేనేజ్‌మెంట్ చెప్పే తీరు మీద నాకూ అనుమానాలున్నాయి. 1908లో ఎంబీఏ మొదలుపెట్టిన హార్వర్డే కేసుల పద్ధతికీ పేరు తెచ్చింది. ఒక కంపెనీకి వచ్చిన చిక్కును కొన్ని పేజీల్లో రాసి ఇచ్చి, నువ్వైతే ఏం చేస్తావని అడుగుతారు. పదేళ్లు ఉద్యోగం చేసి వచ్చినవాడికి అది పనికొస్తుంది. పద్దెనిమిదేళ్ల పిల్ల ఎవరికీ జీతం ఇచ్చి ఎరగదు, ఎవరినీ పనిలోంచి తీసి ఎరగదు. కాగితం మీద ఫ్యాక్టరీ మూసేసి, గంట కొట్టగానే క్యాంటీన్‌కు వెళ్లిపోతుంది. అందుకే డిగ్రీలో నాయకత్వం, వ్యూహం అంటూ ఊదరగొట్టే కోర్సులు నాకు నచ్చవు. పద్దులు, గణాంకాలు, ఒప్పందాల చట్టం చెప్పమను, చాలు. ఇక పచోలీ అంటావా, నువ్వు సగమే చూశావు. విద్య వర్తకుల దగ్గర ఉన్నమాట నిజమే. అది వాళ్ల ఇళ్లలో పుట్టినవాడికో, వాళ్ల కొట్లో చేరినవాడికో దక్కేది. అచ్చయ్యాక ఆ గుమ్మం తొక్కనివాడి చేతికీ వచ్చింది. నేను బడిలో నల్లబల్ల మీద డెబిట్, క్రెడిట్ గీతలు గీసేది అలాంటివాళ్ల కోసమే, నీ కూతురి కోసం కాదు.

తమ్ముడు: మరి నా కూతురి మాటేమిటి?

అక్క: అకౌంట్స్ బడిలోనే చదవనీ. డిగ్రీ దానికి నచ్చింది చేయనీ. సెలవుల్లో నీ దగ్గర కూర్చోనీ.

తమ్ముడు: అకౌంట్స్ వచ్చినపిల్ల కూర్చుంటే నా పుస్తకాలు తిరగేస్తుంది.

అక్క: తిరగేయనీ. ఇంతకీ గడియారం ఎక్కడ రాశావు?

తమ్ముడు: ప్రకటనల ఖర్చులో.