వెంటిలేటర్లు ఎవరు మూయమన్నారు?

పొద్దున తొమ్మిదింటికి సున్నం కోసం బజారుకు పోయినా. పన్నెండున్నరకు తిరిగొచ్చి చూస్తే నడిమింట్లో రెండు వెంటిలేటర్లూ ఇటుకలు పెట్టి మూసేసి ఉన్నాయి. మేస్త్రి తాపీ కడుక్కుంటున్నాడు. "ఏంది మేస్త్రీ ఇది, ఎవరు మూయమన్నారు?" అంటే "ఏసీ పెట్టుకుంటారు గదన్నా, చల్లదనమంతా ఆడ్నించే పోతాది" అన్నాడు. నడిమింట్లో ఏసీ పెడతానని నేను ఎప్పుడన్నా? పాతింటికి రిపేరంటే ఏసీలు బిగించడానికేనని ఆయన లెక్క. ఆయన్ననీ ఏం లాభం, మా కావలి ఊరంతా అట్టే అనుకుంటోంది.

ఇది మా తాత కట్టించిన మద్రాసు మిద్దె. టేకు దంతెల (సన్న దూలాల) మీద ఇటుకల్ని ఐమూలగా నిలబెట్టి, గానుగలో ఆడించిన సున్నం పట్టించి, దాని మీద ఇటుక జల్లి, సున్నం కలిపి పోసి, కరక్కాయ, బెల్లం నీళ్ళు చల్లుతూ ఆడకూలీలు వరసగా కూచోని రోజుల తరబడి చెక్కలతో దిమ్మిస కొట్టిన కప్పు. గోడలు మూరెడు మందం. రోహిణి కార్తెలో మధ్యాహ్నం రెండింటికి వీధిలోంచి నడిమింట్లో అడుగు పెడితే ఒళ్ళు చల్లబడుతుంది. ఎండ ఆ గోడ దాటి లోపలికి వచ్చేలోపు పొద్దు గూకుతుంది. లోపలున్న వేడిగాలి పైకి లేచి వెంటిలేటర్లలోంచి పోతుంది, సాయంత్రం సముద్రం గాలి తిరిగితే కిటికీల్లోంచి కొత్త గాలి వస్తుంది. ఆ రెండు కంతలూ మూసేస్తే ఇంక వేడి యాడికి పోవాల?

ఎదురింటివాళ్ళు పోయినేడు ఇట్టాంటి మిద్దెనే పడగొట్టి స్లాబు వేయించారు. అయిదంగుళాల స్లాబు పగలంతా తాగిన వేడిని రాత్రంతా కిందికి కక్కుతుంది. రాత్రి పదకొండప్పుడు కూడా మంచం మీదికి సెగ దిగుతుంటుంది. మూడు ఏసీలు పెట్టారు. బిల్లు వచ్చినప్పుడల్లా ఆ పెద్దాయన నా దగ్గరికొచ్చి కూచుంటాడు. మన నెల్లూరు జిల్లాలోనే నేలటూరు కరెంటు కేంద్రంలో 800 మెగావాట్ల యూనిట్లు మూడు బొగ్గు మండిస్తున్నాయి. ఊరికే వచ్చే గాలికి అడ్డం కట్టుకొని, ఆ బొగ్గు కరెంటు కొనుక్కొని చల్లబడాలా మనం?

నేను చెప్పిన పని పెద్దదేం కాదు. కారేచోట సున్నంతోనే మాటు వేయాల, మిద్దె మీద తెల్లసున్నం రెండు పూతలు కొట్టాల, గోడలకు సిమెంటు తగలనీయకూడదు. పడమటి గదికి ఒక్క ఏసీ, ఆ గది వెంటిలేటర్‌కు మాత్రం తెరిచి మూసే అద్దం రెక్క. పాత ఫ్యాన్లు నాలుగూ తీసేసి కరెంటు తక్కువ తినే బీఎల్‌డీసీ ఫ్యాన్లు. పాతది 80 వాట్లు తింటుంది, ఇది 30. రోజుకు పన్నెండు గంటలు తిరిగినా నెలకు 72 యూనిట్లు మిగులుతాయి. నెలకు 225 యూనిట్లు దాటాక యూనిట్‌కు 8.75 కడుతున్న ఇంటికి అది 630 రూపాయలు. దంతెలు బరువు మోస్తాయని వడ్రంగి చెబితే 3 కిలోవాట్ల సోలార్ కూడా పెట్టిస్తా. కేంద్రం ఇచ్చే సూర్యఘర్ పథకం కింద 78,000 సబ్సిడీ వస్తుంది, పైగా మిద్దెకు నీడ.

బజారంతా తిరిగినా గానుగ సున్నం దొరకలా. ఒక షాపులో వాల్ పుట్టీ సంచి ముందర పెట్టి "సున్నం కన్నా ఇదే తెల్లగుంటాదన్నా" అన్నాడు. నాకు తెలుపు కాదయ్యా కావాల్సింది! సున్నం గోడ చెమ్మను పీల్చి బయటికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు మెత్తితే చెమ్మ లోపలే నిలిచిపోయి అడుగు నుంచి పెచ్చులు లేస్తాయి. మా పడమటి గది గోడ అట్టే పాడైపోయింది.

ఆ గోడకు అడ్డంగా ఒక వేపచెట్టు ఉండేది. నాయన చనిపోయిన ఏడాదే మా అన్న కారు షెడ్డు కోసం కొట్టించాడు. నాకు ఒక ఫోన్ కూడా చేయలా. పండక్కని బస్సు దిగి సందు మలుపు తిరిగితే, ఆకులుండాల్సిన చోట ఆకాశం కనిపించింది. కింద రేకులు. ఆ రేకుల సెగ ఇప్పటికీ నేరుగా గోడకు కొడుతుంది. ఎండాకాలం రాత్రి తొమ్మిదింటికి అరచెయ్యి ఆనిస్తే చురుక్కుమంటుంది. అమ్మ పడుకునే గది అది. ఎనభై ఏళ్ళు ఏసీ మాట ఎరగని ఇంటికి ఇప్పుడు ఏసీ కావాల్సొచ్చింది ఆ గదికోసమే. అన్నా, ఇది నువ్వు చదువుతావని తెలిసే రాస్తున్నా. ఆ కారు రెండేళ్ళకే అమ్మేసినావు. నాయన నులకమంచం ఏసుకునే చెట్టది. నిన్ను అడిగేవాళ్ళు లేరనే గదా కొట్టించినావు?

సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది. మేస్త్రి అన్నానికి పోయినాక నిచ్చెనెక్కి ఒకటి నేనే ఊడగొట్టినా. ఇటుక పడి కింద కడప బండ ఒకటి బీటలిచ్చింది, పోతే పోనీ. కిందనించి అమ్మ "గాలొస్తోంది రా" అనింది. రెండోది ఆయన వచ్చినాక ఆయన చేతే తీయిస్తా.