అవ్వ తిట్టంగ వచ్చిన ఓటీపీ

మా నాయిన ఏ కాయితం మీదనైనా ఏలుముద్ర ఏస్తడు. కూలోళ్లను వలస పనికి తీస్కపోయే గుంపు మేస్త్రి అడ్వాన్సు చేతుల వెట్టి ముందర తెల్లకాయితం పరిచినా "యాడ ఎయ్యాలె?" అంటడు గాని "దీంట్ల ఏం రాస్తవ్?" అని అడగడు. మా తాత గూడ గంతే. పాలమూరు లేబర్ చెయ్యి పడకుండ దేశంల ఏ డ్యామూ లేవలేదని మా దిక్కు పెద్దలు గొప్పగ చెప్తరు. నాకైతే ఆ డ్యాములకన్నా, మేస్త్రీల పెట్టెలల్ల మా ఇంటోళ్ల ఏలుముద్రలు ఎన్నున్నయో అన్నదే యాదికొస్తది. అసొంటి మనిషి, కన్నబిడ్డ ఫోన్ చేసి ఆరంకెలు చెప్పమంటె చెప్పలే.

సంగతి డిగ్రీ సీటుది. మా ఇంట్ల ఇంటర్ దాటిన తొలి మనిషిని నేనే. డిగ్రీ గురించి అడుగుదామంటె ఇంట్ల ఎవ్వరు లేరు, సలహాలిచ్చెతందుకు మాత్రం ఊరంత ఉంది. మా మేనమామ ఇంటర్ ఫస్టియర్ల ఇంగ్లిష్ తప్పి ఆగిపోయిండు గాబట్టి చదువు విషయంల ఆయన మాటకు శానా ఇలువ. "బీకాం చేస్తె బ్యాంకు, బీఎస్సీ చేస్తె బడి, బీఏ చేస్తె ఇల్లు" అని ఒక్క ముక్కల తేల్చేసిండు. పుణెల ఉన్న నాయినకు ఫోన్ల చెప్తే, "మూడేండ్లా! మూడేండ్లల్ల ఎన్ని బిల్డింగులు లేస్తయో ఎరికేనా?" అని, జరసేపు ఆగి, "సరే కానీ. పునాదికి టైం పడ్తది" అన్నడు.

డిగ్రీకి కాలేజీ కాలేజీ తిరిగి ఫారాలు నింపుడు 2016 నుంచి లేదు. దోస్త్ అని ఒకటే ఆన్‌లైన్ పద్ధతి. ఉస్మానియా, కాకతీయ, మా పాలమూరు యూనివర్సిటీ, నల్లగొండల మహాత్మాగాంధీ, దేని కింద ఉన్న కాలేజీ అయినా అండ్లనే ఆప్షన్ వెట్టుకోవాలె. తొలి విడతల పేరు రాయించుకుంటె 200 రూపాయలు, ఆ తర్వాతి విడతలకైతే 400. ఇదంత ఇడమరిచి చెప్తే నాయినను కన్న మా అవ్వకు ఆఖరి ముక్క ఒక్కటే చెవుల పడ్డది. మహిళా సంఘంల కిస్తీ తేదీ దాటితె ఏమైతదో ఆమెకు బాగ ఎరుక. "పొద్దుగాలే పోదాం పా" అని సద్ది గట్టింది.

రిజిస్ట్రేషన్ కావాలంటె ఆధార్‌కు లింకైన ఫోన్‌కు ఓటీపీ వస్తది. నా ఆధార్‌కు లింకైన ఫోన్ నాయినది. మాది మక్తల్ దిక్కు ఊరు. దసరా అయినంక మా వాళ్లు కృష్ణ స్టేషన్ల రైలెక్కుతరు, వానలు మొదలయ్యే మిరుగు నాటికి మళ్ల అక్కడ్నే దిగుతరు. నది పేరు వెట్టుకున్న స్టేషన్ల నిలవడి, నీళ్లు లేవని వలస పోయేటోళ్లు మేమే ఉంటం కావచ్చు. నేను గూడ మూడో తరగతి దాక పుణెల బిల్డింగు పని కాడి మరాఠీ బడిల చదివిన. అప్పుడే ఆధార్ దించిండ్రు. ఇంట్ల ఉన్న ఒక్క ఫోన్ నాయినదే గాబట్టి ఆ నెంబరే ఇచ్చిండ్రు. ఆడి పద్ధతి ప్రకారం ముందు నా పేరు, నడుమ నాయిన పేరు, చివరకు ఇంటి పేరు. మన పదో తరగతి మెమోలనేమో ఇంటి పేరు ముందు, నాయిన పేరు ఇంకో లైన్ల. రెండు కాయితాలు పక్కపక్కన వెడితె వీళ్లు దూరపు చుట్టాలేమో అనిపిస్తది.

అడ్రస్ గూడ ఇంక మహారాష్ట్రదే ఉంది. 2023 డిసెంబర్ నుంచి మన ఆర్టీసీ బస్సులల్ల ఆడోళ్లకు టికెట్ లేదు గద. ఆ పొద్దు కండక్టర్ అవ్వకు జీరో టికెట్ కొట్టిండు. నా కార్డు తిప్పి తిప్పి చూసి, "నువ్వు మహారాష్ట్ర బిడ్డవమ్మా, పైసలు తియ్యి" అన్నడు. నా కొడుకు బిడ్డ మహారాష్ట్రదెట్లయితదని అవ్వ నారాయణపేట దాక ఆయనతోటి కొట్లాడింది. పైసలు మాత్రం కట్టినం.

ఇగ నాయిన సంగతి. ఆ నెలల్నే వాళ్ల పని కాడ పక్క రేకుల షెడ్డుల ఉండే ఒకాయనకు బ్యాంకు నుంచి అని ఫోన్ వచ్చిందట. ఆయన అడిగిన నెంబర్ చెప్పంగనే ఖాతాల పైసలన్ని ఊడ్చుకపోయినయట. సూపర్‌వైజర్ అందర్ని కూసోవెట్టి చెప్పిండట: ఓటీపీ అడిగితె కన్నతల్లికి గూడ చెప్పొద్దు; మీ పిల్లల గొంతుతోటి అడుగుతరు, ఏడుస్తరు, నమ్మొద్దు; అనుమానమొస్తె సైబర్ మోసాల నెంబర్ 1930కి ఫోన్ కొట్టున్రి. నా బడిల తల్లిదండ్రుల మీటింగుకు ఒక్కసారన్న రాని మనిషి, ఈ మీటింగ్‌ల మాత్రం అందరికన్న ముందల కూసున్నడని అమ్మ తర్వాత చెప్పింది.

నారాయణపేట ఇంటర్నెట్ సెంటర్ల లైను బయటి చెప్పుల దాక ఉంది. ఆ విడతకు తేదీ తెల్లారితె అయిపోతది. మా వంతు వచ్చింది, సెంటర్ అన్న నా వివరాలన్ని కొట్టి, "ఓటీపీ పోయింది చెల్లె, చెప్పు" అన్నడు. నేను పుణెకు ఫోన్ కొట్టిన.

"నాయినా, నీ ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఆరంకెలుంటయ్. చెప్పు."

అటు దిక్కు కాంక్రీట్ మిషన్ తిరుగుతున్న సప్పుడు. ఆ సప్పుడుల నాయిన గొంతు శానా మర్యాదగ వచ్చింది.

"ఎవరమ్మా మీరు?"

మా నాయిన నన్ను బిడ్డా అంటడు, కోపమొస్తె పోరీ అంటడు. అమ్మా అని, మీరు అని అన్నడంటె నాకు కడుపుల చెయ్యి వెట్టి దేవినట్టయింది.

"నేనే నాయినా!"

"అందరు గట్లనే అంటరట."

"నా నెంబర్ కనవడ్తలేదా?"

"నెంబర్ గూడ దొంగది చేస్తరట. గొంతు గూడ చేస్తరట. శానా మంచిగ చేసిండ్రు, అచ్చం మా బిడ్డ తీర్గనే ఉంది."

మెసేజ్ ఇంగ్లిష్‌ల ఉంటది. నాయినది బటన్ల ఫోన్. పక్కన పనిచేసే బీహార్ పిల్లగానితోటి చదివిచ్చుకున్నడట. ఆ పిల్లగాడు బుద్ధిమంతుడు. అంకెలు చదివి ఊకోకుండ దాని కిందున్న లైను గూడ చదివి, హిందీల అర్థం చెప్పిండు: దీన్ని ఎవ్వరికి చెప్పొద్దు.

"పంపినోళ్లే ఎవ్వరికి చెప్పొద్దని రాసిండ్రు. నువ్వేమో చెప్పమంటున్నవ్. మీ ఇద్దరిల నేనెవరి మాట ఇనాలె?" అన్నడు నాయిన.

దీనికి నా దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాల్నంటె ఇప్పటికి గూడ లేదు.

ఆఖరుకు నాకు పరీక్ష వెట్టిండు. "సరే, మనం అమ్మిన ఎడ్లు ఏం రంగువో చెప్పు."

"నేను పుట్టకముందే అమ్మితివి గద నాయినా!"

"దొంగోళ్లు గూడ గిదే చెప్తరు. మన ఇంటి దూలం ఏ కట్టె?"

"యాప కట్టె."

"ఊర్ల అందరివి యాపవే. ఇంకేమన్న చెప్పు."

ఈ లోపల సెంటర్ అన్న "టైం అయిపోయింది, మళ్ల పంపుతున్న" అన్నడు. లైన్ల ఉన్నోళ్లు ఒక్కొక్కరు ముందుకొచ్చిండ్రు. ఒకాయన స్పీకర్ వెట్టమన్నడు. స్పీకర్ వెట్టంగనే అందరు ఒక్కసారే మొదలువెట్టిండ్రు. "ఓ పెద్దమనిషీ, చెప్పరాదె!" అని ఒకరు, "పిల్ల బతుకు ఆగమైతది!" అని ఇంకొకరు, "జల్దీ చెప్పు, మా వంతు రావాలె!" అని ఎనుకటి నుంచి మరొకరు.

నాయిన ఒక్క గడియ ఇన్నడు. "అబ్బో, పెద్ద ముఠానే ఉన్నట్టున్నది. ఉండున్రి, 1930కి కొడ్తున్న" అని ఫోన్ పెట్టేసిండు.

1930 అంటె ఉప్పు సత్యాగ్రహం అని రాసి పదో తరగతిల మార్కు తెచ్చుకున్నదాన్ని. అది నా మీదికే వస్తదని అనుకోలే.

అప్పటిదాక మూలకు కూసోని సద్ది మూట కాస్తున్న అవ్వ లేచింది. "ఇటు తే దాన్ని" అని ఫోన్ గుంజుకున్నది. నేను నెంబర్ కొట్టిచ్చిన. నాయిన ఎత్తి "ఎవరూ" అన్నడో లేదో, అవ్వ అందుకున్నది.

"నీ నోట్ల మన్ను వడ! నేను రా, నీ తల్లిని! జొన్న చేన్ల కావలి పండుకుంటె పందులొచ్చినయని నన్ను ఆడ్నే ఇడ్సిపెట్టి ఉరికొచ్చినోనివి, నాకు బుద్ధులు చెప్తవా? లగ్గం పీటల మీద కూసోని జిలేబి కోసం ఏడ్చినోనివి, ఇయ్యాల నా మనుమరాలిని దొంగ అంటవా? దొంగెవడ్రా? మొన్న దసరాకు పోయేటప్పుడు నా బొడ్ల సంచిలకెల్లి రెండు వందలు తీసుకొని చెప్పకుండ రైలెక్కిందెవడ్రా?"

సెంటర్ల ప్రింటర్ ఒక్కటే సప్పుడు చేస్తున్నది. అటు దిక్కు కాంక్రీట్ మిషన్ గూడ ఆగినట్టే అనిపించింది. మా నాయిన ఏలుముద్ర సిమెంటుకు అరిగి, రేషన్ మిషన్ కాడ రెండు చేతుల ఏళ్లు మార్చి మార్చి వెట్టినా పడదు. అవ్వ తిట్టును మాత్రం పద్నాలుగో అంతస్తుల నిలవడి గూడ టక్కున గుర్తువట్టిండు.

"అమ్మా... ఆ రెండు వందలు మిరుగుకు వచ్చినప్పుడు ఇద్దామనుకున్ననే."

"ముందు దానికి అంకెలియ్యి!"

రెండు వందల సంగతి సూపర్‌వైజర్‌కు గాదు, మా అమ్మకు గూడ తెల్వదు. ఇంతకు మించిన రుజువు లేదు. నాయిన ఫోన్ పెట్టి, బీహార్ పిల్లగానితోటి చదివిచ్చుకొని, మళ్ల చేసిండు. "రాసుకో బిడ్డా. ఐదు, తొమ్మిది, రెండు, ఏడు, ఒకటి."

"ఇంకొకటి?"

"గంతే."

"ఆరుండాలె నాయినా."

"ముందల ఒక సున్న ఉండె. ముందటి సున్నకు ఏం ఇలువ ఉంటది? కూలి లెక్కల ఎవడన్న ముందు సున్న రాస్తడా?"

ఆ సున్న ఏదని ఎతికేలోపల ఆ ఓటీపీ గూడ గడువు దాటింది. సెంటర్ అన్న ఒక్క మాట అనకుండ ఇంకోటి పంపిండు. అసొంటోళ్లకు ఊర్ల గుడి గట్టినా తప్పు లేదు. ఈసారి వచ్చిన దాంట్ల సున్న లేనే లేదు. అయినా నాయిన, ముందటి తప్పు మళ్ల కావొద్దని, తన దిక్కు నుంచి ఒక సున్న ముందర కలిపి చెప్పిండు. ఏడంకెలొచ్చినయ్. సెంటర్ అన్న మొదటి సున్న కొట్టేసి బటన్ నొక్కిండు. లైన్ల ఉన్నోళ్లంత చప్పట్లు కొట్టిండ్రు. అవ్వ సద్ది ఇప్పి అందరికి తలా ఒక జొన్నరొట్టె ముక్క వెట్టింది.

మహబూబ్‌నగర్ల బీకాం సీటొచ్చింది. స్కాలర్‌షిప్‌కు ఆదాయం సర్టిఫికెట్ కావాల్సి వచ్చింది. మా అసొంటి బీసీలకు పల్లెలల్ల ఏడాదికి లక్షన్నర దాటొద్దు. నీ సంపాదన ఎంతని నాయినను ఫోన్ల అడిగితె, పక్కన తోటి పనోళ్లున్నరో ఏమో, రెండు లక్షలన్న రాయమన్నడు. లక్షన్నర అంటె ఇజ్జత్ పోతదట. ఆయనకు సమజు చేసి నిజం చెప్పిచ్చేసరికి నా తాతలు దిగొచ్చిండ్రు.

ఇప్పుడు కష్టం ఇంకో తీరు. ఫోన్ల అంకెలున్న మెసేజ్ ఏది వచ్చినా అది బిడ్డ కాలేజీదే అని నాయినకు గట్టి నమ్మకం కుదిరింది. గ్యాస్ సిలిండర్ నెంబర్ వస్తె చెప్తడు. రీఛార్జ్ అయిపోవస్తున్నదని వస్తె చెప్తడు. నాయిన పైన సెంట్రింగ్ మీదున్నప్పుడు ఆ బీహార్ పిల్లగాడే చేసి, "దీదీ, లిఖో" అని హిందీల చదువుతడు. నేను రాసుకున్న అంటెనే పెట్టేస్తడు. నా అకౌంట్స్ నోట్సుల ఎనుక పేజీలన్ని ఈ అంకెలతోటే నిండినయ్.

మొన్న ఇంటర్వెల్ల మళ్ల ఫోన్. నాయిన గొంతుల సంబురం ఆగుతలేదు.

"బిడ్డా, మూడు లక్షలు లోన్ మంజూరైందని వచ్చింది! కింద ఆరంకెలున్నయ్. కాలేజోళ్లే ఇస్తున్నరా?"

"వద్దు నాయినా! అది మోసం. ఆ అంకెలు ఎవ్వరికి చెప్పకు."

జరసేపు ఆలోచన చేసిండు.

"నీకు గూడనా?"