ఆకుపచ్చ నంబరు ప్లేటు గారికి కాలనీ కల్చరల్ కమిటీ విన్నపం

మహారాజశ్రీ ఆకుపచ్చ నంబరు ప్లేటు గారి దివ్యసముఖమునకు,

హైదరాబాద్‌లో మియాపూర్ వైపు ఉన్న ఒకానొక అపార్ట్‌మెంట్ల సముదాయం కల్చరల్ కమిటీ నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమందరం క్షేమం, ఒక ముగ్గు తప్ప. మొదటి బహుమతి రావాల్సిన ఆ రథం ముగ్గు మీదుగా తమరి భక్తుడొకరు ఎలక్ట్రిక్ కారును వెనక్కి తెచ్చారు. బండికి చప్పుడు లేదు కదా, ముగ్గు వేస్తున్నావిడకు వినపడలేదు. ఆవిడ కేక మాత్రం సి బ్లాకు దాకా వినపడింది.

తమరి పుట్టుపూర్వోత్తరాలు మాకు తెలియనివి కావు. 2018లో కేంద్రం ఉత్తర్వుతో అవతరించారు. సొంత బండికి ఆకుపచ్చ మీద తెల్ల అక్షరాలు, కిరాయి బండికి ఆకుపచ్చ మీద పసుపు అక్షరాలు. పార్కింగులోనూ రద్దీ వీధుల్లోనూ ఈ బండ్లకు ప్రత్యేక మర్యాదలు చేయాలంటే దూరం నుంచే గుర్తుపట్టాలి కాబట్టి రంగు మార్చామన్నారు. ఆ మర్యాదలు ఎక్కడ ఆగాయో గానీ, తమరు ఒకరినొకరు గుర్తుపట్టడంలో మాత్రం లోటు లేదు. సిగ్నల్ దగ్గర రెండు ఆకుపచ్చ ప్లేట్లు పక్కపక్కన ఆగితే చాలు, అద్దాలు దిగుతాయి. "ఎంత ఇస్తోందండీ?" అన్నది మొదటి పలకరింపు. పేరూ ఊరూ తర్వాత, లైటు పచ్చబడే లోపు వీలుంటే. అలా మొదలైన పరిచయాలు వాట్సాప్ గ్రూపయ్యాయి. గ్రూపు ఆదివారం పొద్దున ఇడ్లీ, దోసెల కలయిక అయింది. అది చాలక ఇప్పుడు మా సంక్రాంతి సంబరాల్లో "విద్యుత్ వాహన అవగాహన స్టాలు" దాకా వచ్చింది. ఈ లేఖ ఆ స్టాలు గురించే.

ఒక మూల చిన్న జాగా ఇస్తే చాలన్నారు. తీరా చూస్తే గాలిపటాల పోటీకి పెట్టుకున్న జాగా కూడా పోయింది. అరడజను కార్లు వరసగా నిలబెట్టి బానెట్లు ఎత్తారు. లోపల అద్భుతమేదో ఉందని పిల్లలు ఎగబడ్డారు. ఒకదాంట్లో మూతలేసిన పెట్టెలు, లావుపాటి నారింజరంగు వైర్లు. ఇంకోదాంట్లో సామాను పెట్టుకునే అర ఉంది, అందులో ఒక గొడుగూ పాత చెప్పుల జతా. పిల్లలు పీచుమిఠాయి బండి దగ్గరికి వెళ్లిపోయారు.

అవగాహన ఎవరికి కలిగిందని అడిగితే చెప్పడం కష్టం. ఒక ఓనరు పక్క ఓనరుకు చెప్పాడు, ఆ పక్క ఓనరు ఈ ఓనరుకు చెప్పాడు. ఒక్క ఛార్జింగుకు కంపెనీ కాగితం మీద మూడొందల పన్నెండు కిలోమీటర్లు ఉంటే రోడ్డు మీద రెండొందలు వస్తే గొప్పని ఒకరు, యాక్సిలరేటర్ మీద కాలు సుతారంగా వేస్తే తనకు ఇంకో ముప్పై వస్తుందని మరొకరు. ఏసీ వేసుకుంటారా అని అడిగితే రెండో ఆయన మాట మార్చారు. ఫోన్లు తీసి బ్యాటరీ ఎంత శాతం ఉందో చూపించుకున్నారు. అంతసేపూ ఒకే పల్లవి: "కిలోమీటరుకు రూపాయి". ఇంట్లో యూనిట్ ఎనిమిదీ తొమ్మిదీ పడినా, యూనిట్‌కు ఏడు కిలోమీటర్లు పోతే లెక్క కాస్త అటూ ఇటూగా నిజమే. ఆ రూపాయి చెప్పేవారెవరూ హైవే మీద ఫాస్ట్ ఛార్జర్ దగ్గర యూనిట్‌కు ఇరవై పైన కట్టిన సంగతి ఎత్తలేదు. అప్పటిదాకా స్టాలుకు వచ్చిన పెద్దవాళ్లలో ఎలక్ట్రిక్ కారు లేనివారు మా కమిటీ వాళ్లమే. అదీ కుర్చీలు లెక్కపెట్టుకోవడానికి వెళ్లాం.

ఒక్క విషయంలో మాత్రం తమరి ప్రతాపం ఒప్పుకుని తీరాలి. బహుమతులు చదివే వేళకు సరిగ్గా కరెంటు పోయింది. ఒకాయన కళ్లు మెరిశాయి. కారు ఛార్జింగ్ సాకెట్లో ఒక అడాప్టర్ గుచ్చి, దానికి ఎక్స్‌టెన్షన్ బాక్సు తగిలించి మైకు సెట్టుకు ప్రాణం పోశారు. కొత్త మోడళ్లు కొన్ని ఇలా మూడు కిలోవాట్ల దాకా బయటికి ఇస్తాయట. మైకూ నాలుగు లైట్లూ దానికి ఒక లెక్క కాదు. జనం చప్పట్లు కొట్టారు, మేమూ కొట్టాం. చిక్కెక్కడ వచ్చిందంటే, కరెంటు ఇచ్చినాయనకు మైకు ఇవ్వకుండా ఎలా ఉంటాం? బ్యాటరీల్లో వాడే లిథియం ఎక్కడ దొరుకుతుంది దగ్గర మొదలుపెట్టారు. వాళ్లావిడ కింద నుంచి చేతిగడియారం చూపిస్తోంది. ఆయన ఫోన్లో చూసుకుని, "ఇంకా డెబ్బై ఎనిమిది శాతం ఉంది" అని మైకులోనే జవాబిచ్చారు.

ఇక ప్రశ్నలు. అడిగినవాళ్లు కొద్దిమందే గానీ అసలైనవే అడిగారు.

రామగుండం ఎన్టీపీసీలో చేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు మా దగ్గర. ప్లేటు మీద చెయ్యి వేసి, "ముందు ఆకుపచ్చ, వెనక సింగరేణి" అని నవ్వారు. పొగ మావూళ్లో వదిలి చల్లదనం మియాపూర్‌లో అనుభవిస్తున్నారన్నమాట అన్నారు. మోటారు చాలా తక్కువ శక్తి వృథా చేస్తుందనీ, పెట్రోలు ఇంజన్లో మూడింట రెండొంతులు వేడిగానే పోతుందనీ స్టాలు వారు చెప్పారు. అది అబద్ధం కాదు, మా గేటు ముందు పొగ తగ్గిన మాటా నిజమే. పెద్దాయన ఊరుకోలేదు. "మొన్న కరెంటు పోయినప్పుడు సెల్లార్లో మీ బండి ఛార్జి అవుతూనే ఉంది, జనరేటర్ మీద. ఆ డీజిల్ ఖర్చు మెయింటెనెన్సులో నేనూ కట్టాను" అన్నారు. స్టాలు వారు ఆయనకు టీ ఇచ్చారు.

తర్వాత ఏ బ్లాకు అమ్మమ్మ గారు వచ్చి, సెల్లార్లో ఇవి రాత్రంతా ఛార్జింగ్ పెడితే భయం లేదా నాయనా అని అడిగారు. ఆవిడ అడగడంలో తప్పేముంది? 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో సెల్లార్‌లోని ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు లేచి పైనున్న హోటల్లో ఎనిమిది మంది పోయారు. ఈ ఊళ్లో ఎవరూ మర్చిపోలేదు. ఆ ఏడాది డిసెంబరు నుంచీ, మళ్లీ 2023 మార్చి చివరి నుంచీ రెండు విడతలుగా బ్యాటరీ భద్రతా నిబంధనలు బిగించారు. పాత స్కూటరు బ్యాటరీలకూ ఇప్పటి కారు బ్యాటరీలకూ తేడా ఏమిటి, పాయింటుకు ఎర్తింగు ఉందా లేదా ఎలా చూడాలి, ఆరేళ్ల నాటి ప్లగ్గుకు నేరుగా గుచ్చితే ఏమవుతుంది, ఇవి నాలుగు ముక్కల్లో చెప్పొచ్చు. స్టాలాయన "ఎల్ఎఫ్‌పీ కెమిస్ట్రీ ఆంటీ, డోంట్ వర్రీ" అన్నారు. ఆవిడ ఇంకా ఎక్కువ వర్రీ అవుతూ లిఫ్టు ఎక్కారు.

అద్దెకుండే ఒకాయన ప్రశ్న మరీ ఇబ్బందికరం. కారు కొందామని ఉంది, పార్కింగు దగ్గర పదిహేను యాంప్స్ పాయింటు పెట్టించుకోవాలి, అసోసియేషన్ ఒప్పుకోవడం లేదు, ఏం చేయమంటారు అని. ఉన్న ఇంటి కనెక్షన్ మీదే ఛార్జింగ్ పెట్టుకోవచ్చని కేంద్రం 2024 మార్గదర్శకాల్లో ఉంది కదా అని కాగితం కూడా తెచ్చాడు. స్టాలంతా నిశ్శబ్దం. ఒప్పుకోని అసోసియేషన్ పెద్దలు ఇద్దరు అక్కడే బానెట్లెత్తి నిలబడి ఉన్నారు. వాళ్ల పాయింట్లు అసోసియేషన్ వద్దనడం మొదలుపెట్టక ముందే పెట్టుకున్నవి, అందులో ఒకటి కామన్ మీటరు మీద. అత్త సొమ్ము అల్లుడు దానం అంటే దానమైనా జరుగుతుంది, ఇక్కడ అదీ లేదు.

అయ్యా, ఇప్పటిదాకా చెప్పినవన్నీ సర్దుకుపోవచ్చు. మా అసలు ఫిర్యాదు గ్రూపు ఫొటో దగ్గర జరిగింది.

మధ్యాహ్నం స్టాలు వారు బిర్యానీ తెప్పించుకున్నారు. తెచ్చిన కుర్రాడు స్కూటరు తెచ్చి సరిగ్గా కార్ల వరస ముందు స్టాండు వేశాడు. ఎడమ అద్దం లేదు, ఫుట్‌బోర్డు మీద ఎర్ర సంచి, సీటు కింద పిడి ఉన్న బ్యాటరీ. అప్పుడే అందరూ భుజాల మీద చేతులేసుకుని ఫొటోకు నిలబడ్డారు. ఫొటో తీసేవాడు చెయ్యి ఊపాడు, వాచ్‌మన్ పరిగెత్తాడు. "బాబూ, బండి పక్కకు తియ్యి, ఫొటోలో పడుతోంది." ఎలక్ట్రిక్ బండ్ల సమావేశం ఫొటోకు అడ్డమొచ్చింది ఎలక్ట్రిక్ బండి!

మా కమిటీ మెంబరొకరు ఆ కుర్రాడికి మంచినీళ్లిచ్చి అడిగారు. బండి తనది కాదు, వారం కిరాయి. రోజుకు నూట ఇరవై దాకా తిరుగుతాడు. "రెండు మూడు సార్లు బ్యాటరీ మారుస్తా సార్. టీ కొట్టు పక్కన పెట్టెలుంటయ్. ఖాళీది పెట్టి నిండుది తీస్కపోవుడే. చివరి గీత దాకా నమ్మొద్దు, మధ్యల్నే మార్సాలె, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మోసం చేస్తది." అరగంట ఉపన్యాసంలో దొరకని అవగాహన రెండు నిమిషాల్లో దొరికింది. స్టాల్లో ఉన్న కార్లలో చాలావాటికి అతని బండి నాలుగు రోజుల్లో తిరిగేది నెల తిరుగుడు.

అలాంటి బండికి తమరు లేరు. మోటారు 250 వాట్లు దాటకుండా, వేగం గంటకు 25 కిలోమీటర్లు మించకుండా ఉంటే చట్టం దృష్టిలో అది మోటారు వాహనమే కాదు, రిజిస్ట్రేషన్ లేదు, ప్లేటూ లేదు. రోజంతా బ్యాటరీ మీదే బతికేవాడికి ఆకుపచ్చ గుర్తింపు లేదు. ఆదివారం గుడికీ మాల్‌కీ తిప్పే బండికి ముందొకటి వెనకొకటి. కుర్చీలూ సౌండు బాక్సులూ దింపడానికి వచ్చిన కరెంటు ఆటోకు తమరున్నారు గానీ పసుపు అక్షరాలతో. దాన్నీ వెనక గేటు దగ్గరే ఆపించారు. దేశంలో అమ్ముడుపోయే ఎలక్ట్రిక్ బండ్లలో అత్యధికం ఈ రెండు చక్రాలవీ మూడు చక్రాలవే అయినా, తమరి సభలో పీట నాలుగు చక్రాలకే.

పన్ను సంగతి కూడా అంతే. కారు కొంటే జీఎస్టీ ఐదు శాతమే. పైగా తెలంగాణలో 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు ఆఖరు దాకా లైఫ్ ట్యాక్సూ రిజిస్ట్రేషన్ ఫీజూ మాఫీ. పదిహేను లక్షల పెట్రోలు కారైతే రెండు లక్షల పైన కట్టాల్సిందే, తమరి కటాక్షంతో సున్నా. ఆ కుర్రాడి కిరాయి బండికి ట్యాక్సే లేదు కనుక మాఫీ చేయడానికి ఏమీ లేదు. మాఫీ మంచిదే, వద్దనడం లేదు. మిగిలిన ఆ రెండు లక్షల్లోంచి గేటు బయట ఒక ప్లగ్గూ ఒక బెంచీ పెడితే తమరి రంగు వెలిసిపోతుందా?

సభలూ ఆర్భాటాలూ ఈ ఊరికి కొత్త కాదు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ అనే ఎలక్ట్రిక్ కార్ల రేసు పెట్టారు, దేశంలో అదే మొదటిది. మరుసటి ఏడాది రేసు రద్దయింది. దాని మీద పెట్టిన కేసు మాత్రం ఆ కార్లకన్నా ఎక్కువ దూరం పరిగెత్తింది.

నిజానికి తమరి భక్తుల అసలు సమావేశం మా కాలనీలో జరగనే లేదు. స్టాలు ఎత్తేసి పండక్కి విజయవాడ రోడ్డెక్కారు కదా, పంతంగి టోల్‌గేటు దాటి సూర్యాపేట దగ్గర ఛార్జర్ ముందు ఆగినప్పుడు జరిగింది. గ్రూపులో ఫొటోలు చూశాం. ఒక ఛార్జింగ్ గన్ను పనిచేయడం లేదు, రెండోదానికి యాప్‌లో డబ్బు కట్టించుకుంది గానీ కరెంటు ఇవ్వలేదు, మూడోదాని ముందు ఎవరిదో డీజిల్ బండి, డ్రైవరు భోజనానికి వెళ్లాడు. అక్కడ లిథియం మీద ఉపన్యాసం ఎవరూ ఇవ్వలేదు. ఒకరి కార్డు ఇంకొకరికి పనికొచ్చింది. చంటిబిడ్డ ఉన్నవాళ్లను ముందు పెట్టుకోమన్నారు. ఎనభై శాతం దాటాక ఛార్జింగ్ నెమ్మదిస్తుంది కాబట్టి అక్కడితో గన్ను తీసి పక్కవాడికి ఇచ్చేయాలని తమలో తాము ఒప్పందం చేసుకున్నారు. మైకు పట్టుకున్నాయనే వరస చూసుకుంటూ ఎండలో నిలబడ్డారట. ఆ ఫొటోలో పసుపు అక్షరాల ట్యాక్సీ కూడా ఉంది, ఎవరూ పక్కకు తియ్యమనలేదు.

ఆగస్టు పదిహేనుకు మళ్లీ స్టాలు పెడతామని అర్జీ వచ్చింది. కమిటీ ఒప్పుకుంది. ఈసారి జాగా ముగ్గుల దగ్గర కాదు, వెనక గేటు దగ్గర. డెలివరీ కుర్రాళ్లూ ఆటోవాళ్లూ వచ్చి కూర్చునే చోటు అదే. వాళ్లకు బ్యాటరీ ఛార్జింగ్ పెట్టుకోవడానికి ప్లగ్గు బోర్డు వేయిస్తాం, టీ ఖర్చు స్టాలు వారిది. పదిహేను యాంప్స్ పాయింటుకు అర్జీ పెట్టిన అద్దె కుటుంబాల పేర్లు అక్కడే అతికిస్తాం. అసోసియేషన్ పెద్దలు బానెట్ ఎత్తే ముందు దాని మీద సంతకం పెట్టాలి. అమ్మమ్మ గారికి ఎర్తింగు సంగతి తెలుగులో చెప్పగలవారిని ఒక్కరినైనా కూర్చోబెట్టాలి. మైకు కారు కరెంటు మీద నడిచినా, పట్టుకున్నవారు బ్యాటరీ ఒక్క శాతం దిగేలోపు ముగించాలి.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయులు,
కల్చరల్ కమిటీ

తా.క.: స్టాలు వారు తీసుకెళ్లిన క్లబ్ హౌస్ ఎక్స్‌టెన్షన్ బాక్సు ఇంకా తిరిగి రాలేదు. క్యారమ్స్ బోర్డు పైన లైటు దానికే.