ఏడో హోల్ ఎక్కడి నుంచి?

2022లో అక్కడి గోల్ఫ్ ప్రొఫెషనల్స్ సంఘం పీజీఏ ఆఫ్ అమెరికా తన ప్రధాన కార్యాలయాన్ని తెచ్చి టెక్సస్‌లోని ఫ్రిస్కోలో పెట్టింది. ఆ ఊళ్ళో మనవాళ్ళకి కొదవేముంది? మా బావగారి క్రికెట్ కిట్టు అటకెక్కింది, గోల్ఫ్ కిట్టు కారెక్కింది. అది చూసి ఆయన తోడల్లుడు ఇంకా ఖరీదైనది కొన్నాడు. వాళ్ళ పోటీ ఇంటి చదరపు అడుగుల దగ్గర మొదలై చాలా దూరం వచ్చింది లెండి.

గోల్ఫ్‌లో ప్రతి హోల్‌కీ రకరకాల రంగుల టీలుంటాయి, అంటే మొదటి షాట్ కొట్టే చోట్లు. ఈ కోర్సులో బ్లూ వెనక, వైట్ దానికి ముందు. ఫైవ్ ఐరన్ అనే కర్రతో ఎన్ని గజాలు కొడతామో దాన్ని 36తో గుణిస్తే మనకి తగిన కోర్సు పొడవు తేలుతుందని ఒక లెక్క ఉంది. బావగారు చెప్పుకునే దూరం 180 గజాలు, అంటే 6480. దర్జాగా బ్లూ. నా కళ్ళకి కనబడే దూరం 150. అప్పుడు 5400, వైట్ కన్నా ముందుకే జరగాలి. ఆ మాట ఆయనతో అనడానికి అక్కే జంకుతుంది.

మధ్యేమార్గంగా కాంబో టీలు ఎంచుకున్నారు. కొన్ని హోల్స్ బ్లూ నుంచి, కొన్ని వైట్ నుంచి. ఏది ఎక్కడి నుంచో కార్డు మీద అచ్చేసి ఉంటుంది. ఈ కలగలుపుకి కోర్సు ఎంత కష్టమో చెప్పే అంకెలు, అంటే కోర్సు రేటింగ్, స్లోప్ కూడా వేరే, కాబట్టి ఆటగాడికి దక్కే అదనపు షాట్ల లెక్క, అదే హ్యాండిక్యాప్, కూడా మారుతుంది. పరువుకి పరువు, నడుముకి సుఖం. కాకపోతే కార్డు చదవాలి.

కార్డు బావగారి నాన్నగారి చేతిలో ఉంది. మామయ్యగారు బ్యాంకులో ఆడిటర్‌గా రిటైరయ్యారు. ఆడరు, కార్టులో కూర్చుని అంకెలు వేస్తారు.

ఏడో హోల్ పార్ త్రీ, అంటే మూడు షాట్లలో ముగించాల్సినది, మధ్యలో చెరువు. బావగారు తిన్నగా బ్లూ దగ్గరికెళ్ళి కొట్టారు. బంతి చెరువు దాటింది, గ్రీన్ మీద పడింది, దొర్లుకుంటూ పోయి జెండాకి మూడడుగుల్లో ఆగింది.

"ఒరేయ్, ఫొటో తియ్యరా, ఫొటో!"

తీశాను. మామయ్యగారు కళ్ళద్దాలు పైకి తోసుకున్నారు. "ఏడోది వైట్ నుంచి కదరా కొట్టాల్సింది?"

మొత్తం షాట్లు లెక్కేసే స్ట్రోక్ ప్లే అయితే ఆ షాట్ లెక్కలోకి రాదు, పైగా రెండు షాట్లు పెనాల్టీ, మళ్ళీ సరైన చోటి నుంచి కొట్టాలి. ఒక్కో హోల్ ఎవరు గెలిచారో చూసే మ్యాచ్ ప్లే అయితే పెనాల్టీ లేదు. ప్రత్యర్థి ఊరుకుంటే షాట్ చెల్లుతుంది, కాదంటే రద్దు. పొద్దున్నే బిర్యానీ పందెం కాశారు గానీ, ఈ రెండింటిలో ఏది ఆడుతున్నారో ఎవరూ అనుకోలేదు.

"మ్యాచ్ ప్లే!" అన్నారు బావగారు.

"ఖాయమేనా అన్నయ్యా?" అన్నాడు తోడల్లుడు, ఎంతో మర్యాదగా.

"ఖాయం."

"అయితే రద్దు."

బావగారు స్ట్రోక్ ప్లే అనబోయి, రెండు పెనాల్టీలు గుర్తొచ్చి నోరు మూసుకున్నారు. వైట్ దగ్గరికి నడిచి మళ్ళీ కొట్టారు. చెరువు ఇటు గట్టు ఇంకా దగ్గరైంది కదా, బంతి శ్రమ లేకుండా అందులోకి దిగింది.

ఆ ఉక్రోషంతో కార్డు లాక్కుని వెనక్కి చదివారు. "నాలుగోది బ్లూ! నువ్వు వైట్ నుంచి కొట్టావు. రద్దు!"

"అభ్యంతరం అప్పుడే చెప్పాలిరా, తర్వాతి షాట్ పడకముందే," అన్నారు మామయ్యగారు. "గడువు దాటింది." కొడుకని కూడా చూడలేదు.

బిర్యానీ డబ్బులు బావగారే ఇచ్చారు. రాత్రి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఆ ఫొటో పెట్టారు, కింద "బ్లూ టీ నుంచి" అని రాసి. అత్తలూ పిన్నులూ దండాల బొమ్మలు, పూలగుత్తులు కురిపించారు. వాటి మధ్యలో తోడల్లుడి జవాబు ఒక్కటే మాట: "రద్దయింది."

దాని మీద బొటనవేలు గుర్తు పెట్టింది మామయ్యగారు.