పరిహారం చేతికందేలోపే పని నేర్పాలి

హిరమండలం జలాశయం, భోగాపురం విమానాశ్రయం, మూలపేట ఓడరేవు. ఈ మూడింటి కోసం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎన్నో కుటుంబాలు భూమినో, ఇంటినో, రెండింటినీనో వదులుకున్నాయి. ఎకరాకు ఎంత, ఇంటి స్థలం ఎక్కడ అన్న వాదులాట ఏళ్ల తరబడి సాగింది. ఇకపై వారు ఏ పని చేసుకుని బతుకుతారన్న ప్రశ్న మాత్రం ఎప్పుడూ వెనకబడే ఉంది. నిర్వాసితులకు వృత్తి శిక్షణ ఊరు కదిలాక కాదు, కదలక ముందే మొదలుకావాలి.

2013 భూసేకరణ చట్టం శిక్షణను విస్మరించలేదు. ప్రాజెక్టులో ఉద్యోగాలు ఏర్పడే చోట తగిన శిక్షణతో ఇంటికొకరికి ఉద్యోగం, లేదా ఒకేసారి 5 లక్షల రూపాయలు, లేదా 20 ఏళ్లపాటు నెలకు 2 వేలకు తగ్గని భృతి ఇవ్వాలని రెండో షెడ్యూలు చెబుతోంది. అయితే ఈ మూడింటిలో ఒక్కటే దక్కుతుంది. తీర్చాల్సిన అప్పు, పెళ్లీడుకొచ్చిన పిల్ల, పునాదుల్లో ఆగిన ఇల్లు కళ్ల ముందుండగా ఎవరైనా సొమ్మునే కోరుకుంటారు. అందులో వారి తప్పేమీ లేదు. కానీ సొమ్ము తీసుకున్న ఇంటికి శిక్షణపై హక్కు అక్కడితో తీరిపోతుంది. ఈ లంకెను తెంచి, పరిహారం ఏ రూపంలో తీసుకున్నా శిక్షణ విడిగా అందేలా రాష్ట్ర ప్రభుత్వమే నిబంధన చేయాలి.

పోయింది భూమి ఒక్కటే కాదు. ఊళ్లో ఉన్నప్పుడు సెంటు భూమి లేని ఆడమనిషి కూడా పొలం గట్ల మీద గడ్డి కోసుకొచ్చి, గేదెను మేపి, పాలు పోసి ఇల్లు గడుపుకునేది. పునరావాస కాలనీలో సెంట్ల లెక్కన ఇచ్చిన స్థలంలో ఇల్లు కట్టాక గేదెను కట్టేయడానికి చోటుండదు, గడ్డి కోయడానికి గట్టూ ఉండదు. ఆ పాల రాబడి ఏ పరిహారం జాబితాలోనూ కనిపించదు. కుట్టుమిషను ఇచ్చి చేతులు దులుపుకుంటే ఆ లోటు తీరుతుందా? కాలనీలో ఇంటింటికీ మిషను ఉంటే కుట్టించుకునేవారెవరు?

ఉన్న శిక్షణ పథకాలకూ పరిమితులున్నాయి. దీనదయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజనలో చేరడానికి వయసు 15 నుంచి 35 ఏళ్లు, మహిళలకు 45 వరకు. యాభైకి చేరువై నాగలి వదిలిన కౌలుదారుకు అందులో చోటు లేదు. చేరిన కుర్రాళ్లేమో శిక్షణ ముగియగానే హైదరాబాద్‌కో చెన్నైకో బయలుదేరుతున్నారు. వలస ఈ తీరానికి కొత్త కాదు. గుజరాత్‌లోని వేరావల్‌కు పడవ పనికి వెళ్లిన మన మత్స్యకారులు 2018లో పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలో గానీ విడుదల కాలేదు. మళ్లీ ఊరు విడిచిపెట్టించే శిక్షణను పునరావాసం అనలేం.

ఇక్కడే దొరికే పనులు లేకపోలేదు. 2023 డిసెంబరులో ప్రారంభమైన ఉద్దానం మంచినీటి పథకానికి నీరు హిరమండలం జలాశయం నుంచే వెళ్తోంది. కిడ్నీ జబ్బుతో కుంగిపోయిన ప్రాంతానికి ఆ నీరు చేరాలంటే పంపులు, పైపులు, వాల్వులు, శుద్ధి యంత్రాలు చూసుకునే మనుషులు ప్రతిరోజూ కావాలి. ఆ జలాశయం కోసం ఊళ్లు వదిలినవారి పిల్లలకే ఆ పని ముందుగా నేర్పడం కనీస న్యాయం. పలాసలో జీడిపప్పు యంత్రాల మరమ్మతు, తీరంలో పడవ ఇంజన్ల మరమ్మతు, భోగాపురం చుట్టూ టైల్స్, వైరింగ్, ప్లంబింగ్ పనులకూ చేతిలో విద్య ఉన్నవారు కావాలి.

కాలనీ పక్కనున్న పాత ఊరి పేదలను మరవకూడదు. కొత్తవారు వచ్చాక అదే కూలి పనిని, అదే బోరునీటిని వారూ పంచుకోవాల్సి వస్తుంది. లక్షలాది శరణార్థులకు ఆశ్రయమిచ్చిన ఉగాండాలో శరణార్థుల సాయంలో 30 శాతం చుట్టుపక్కల స్థానికులకు చేరాలన్నది ప్రభుత్వ విధానం. ఇక్కడా ప్రతి బ్యాచ్‌లో కొన్ని సీట్లు ఆ ఊరివారికి కేటాయిస్తే పోటీ పగగా మారదు.

శిక్షణ రోజుల్లో కూలి పోతుందన్న భయం తీర్చడానికీ దారి ఉంది. పీఎం విశ్వకర్మ పథకంలో శిక్షణ పొందే చేతివృత్తులవారికి రోజుకు 500 రూపాయలు ఇస్తున్నారు. నిర్వాసితులకూ అంతే ఇవ్వాలి. శిక్షణ సంస్థకు చెల్లించే చివరి వాయిదాను ధ్రువపత్రాల లెక్క చూసి కాకుండా, రెండేళ్ల తర్వాత ఆ పనితోనే బతుకుతున్నవారెందరో కాలనీలోనే విచారించి విడుదల చేయాలి.