రెండో పేజీ లేని సెలవు

నెల్లూరు హాస్టల్లో ఉండి ఇంజినీరింగ్ చదివే కుర్రాడు పేపరు చదివే పద్ధతే వేరు. మొదటి పేజీ వాడి లెక్కలో వట్టి అట్ట. రిజర్వు బ్యాంకు రెపో రేటు పెంచినా తగ్గించినా చలించడు. పార్లమెంటు ఉభయసభలు సోమవారానికి వాయిదా అని చదివి మాత్రం కాసేపు ఈర్ష్యపడతాడు. ముఖ్యమంత్రి జిల్లాకు వస్తున్నాడంటే వాడికి కావలసిన వివరం ఒక్కటే, సభకు కాలేజీ బస్సులు అడుగుతారా లేదా అని. బస్సులు పోతే డేస్కాలర్లు రారు, వాళ్లు రాకపోతే సార్లు పాఠం చెప్పరు. శ్రీహరికోటలో రాకెట్ ఎగురుతుందంటే అది ఏ కక్ష్యలోకి పోతుందన్నది తర్వాత సంగతి. పీరియడ్ మధ్యలో ఎగురుతుందా, అన్నాలప్పుడా అన్నది ముందు చూసుకోవాలి. 2023 జులై 14న చంద్రయాన్-3 మధ్యాహ్నం 2.35కి లేచింది. శుక్రవారం, సరిగ్గా కళ్లు మూతలు పడే వేళ. ఇస్రో చేసిన దేశసేవలో అదే గొప్పదని హాస్టల్ అభిప్రాయం.

ఇవన్నీ చిల్లర వార్తలు. అసలు సీజన్ అక్టోబరులో మొదలవుతుంది. రాష్ట్రంలో చాలా జిల్లాలకు నైరుతి రుతుపవనాలు పెద్ద దిక్కయితే, నెల్లూరుకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్య ఈశాన్యంలోనే పడాలి. సెమిస్టరు ఇంటర్నల్స్ కూడా ఆ నెలల్లోనే పెడతారు. ఈ రెండూ ఒకేసారి రావడాన్ని విశ్వవిద్యాలయం యాదృచ్ఛికమంటుంది, మనవాడు దైవనిర్ణయమంటాడు.

థర్మోడైనమిక్స్‌లో రెండుసార్లు తప్పిన కుర్రాడికి వాతావరణ శాఖ పట్టిక మాత్రం నోటికొస్తుంది. గాలి గంటకు 31 నుంచి 49 కిలోమీటర్లుంటే వాయుగుండం, 50 నుంచి 61 అయితే తీవ్ర వాయుగుండం, 62 దాటితే తుపాను, 89 దాటితే తీవ్ర తుపాను. అల్పపీడనం అనగానే బట్టలు ఉతకడం ఆపేస్తాడు. వాయుగుండమైతే రికార్డు రాయడం ఆపుతాడు. తీవ్ర వాయుగుండానికి బ్యాగు మంచం కింద నుంచి బయటికొస్తుంది. ఇక తుపానై పేరు కూడా పెట్టేశారంటే వాడికి అది సొంత మనిషి. ఆ పేరు ఏ దేశం ఇచ్చిందో కూడా చెబుతాడు. 13 దేశాలు తలా 13 చొప్పున ఇచ్చిన 169 పేర్ల జాబితా 2020లో వచ్చింది. అందులో తర్వాత రాబోయే పేరేదని అడిగితే తడుముకోకుండా చెప్పేస్తాడు. అయిదో యూనిట్‌లో చాప్టర్ పేరు అడగొద్దు.

చిక్కల్లా ఆ వాయుగుండం ఎటు పోతుందన్న దగ్గరే వస్తుంది. నాగపట్నం వైపు పోతే తమిళనాడు పిల్లలకు సెలవు. సముద్రం మధ్యలో మలుపు తిరిగి ఒడిశాకు పోతే మనకు మబ్బు మిగులుతుంది, క్లాసూ మిగులుతుంది. హాస్టల్లో అందరూ కోరుకునేది మిచౌంగ్ నడక. 2023 డిసెంబరులో అది చెన్నై ఎదురుగా వచ్చి, తీరాన్ని ఒరుసుకుంటూ నెల్లూరు మీదుగా పైకి పాకి, 5వ తేదీ మధ్యాహ్నం బాపట్ల దగ్గర గట్టెక్కింది. అంత నింపాదిగా, అంత దగ్గరగా పోయే తుపాను మళ్లీ రావాలని వాడు ఫోన్లో విండీ యాప్ తెరిచి కూర్చుంటాడు. అందులో వాతావరణాన్ని ముందే లెక్కగట్టే యూరప్ వాళ్ల ఈసీఎండబ్ల్యూఎఫ్ మోడల్ ఒకటి, అమెరికా వాళ్ల జీఎఫ్ఎస్ ఇంకొకటి. అయిదు రోజుల ముందు ఈ రెండూ ఒక మాట మీద ఉండవు. ఏది నెల్లూరు వైపు చూపిస్తే ఆ రోజుకు అదే శాస్త్రం.

అదే యాప్‌ను కందుకూరు దగ్గర పల్లెలో వాడి నాయన కూడా చూస్తుంటాడు, ఇంకో దేవుడికి మొక్కుకుంటూ. పొగాకు నాటి నెల కాలేదు. నల్లరేగడిలో ఒక్కరోజు నీళ్లు నిలిస్తే వేరుకు గాలాడదు, రెండో రోజు ఎండ తగలగానే మొక్క ఉడికినట్టు వాలిపోతుంది. కాలవలు తీసి నీళ్లు తోడాలి, పోయిన చోటల్లా మళ్లీ నారు తెచ్చి నాటాలి. ఆ నారు కూడా అప్పుడే కరువవుతుంది. కొడుకు ఫోన్ చేసి "నాయనా, మనవైపే వస్తుండాది" అని సంబరంగా అంటే, ఆయన బదులు చెప్పకుండా ఫోన్ వాళ్లమ్మకిచ్చేస్తాడు.

హెచ్చరికల రంగుల దగ్గర కుర్రాడి లెక్క మొదటిసారి తప్పుతుంది. వాతావరణ శాఖ ఉద్దేశంలో పసుపంటే గమనిస్తుండమని, నారింజంటే సిద్ధంగా ఉండమని, ఎరుపంటే చర్య తీసుకోమని. వీడి ఉద్దేశంలో పసుపు ఆశ, నారింజ బ్యాగు, ఎరుపు బస్సు. కానీ ఏ రంగులోనూ సెలవు అన్న మాట లేదు. సెలవిచ్చేది కలెక్టరు. వాన లెక్క చూస్తే, ఉదయం 8.30 నుంచి మర్నాడు ఉదయం 8.30 దాకా పడ్డదాన్ని ఒక రోజు కింద వేస్తారు. 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ, 115.6 నుంచి అతిభారీ. ఆ అంకె చేతికొచ్చేసరికి కాలేజీ బస్సులు సగం పల్లెలు తిరిగేసి ఉంటాయి. అందుకని పడ్డ వానకు సెలవు ఇవ్వడం కుదరదు, పడబోయే వానకే ముందు రోజు సాయంత్రం ఇవ్వాలి. సెలవిచ్చిన రోజు ఎండ కాయడం, ఇవ్వని రోజు రామలింగాపురం అండర్‌బ్రిడ్జి కింద బైకులు మునగడం అందుకే. ఆ సంగతి తెలియనివాళ్లు కలెక్టరును తిడతారు. తెలిసినవాళ్లూ తిడతారు, కాకపోతే కొంచెం మెల్లగా.

ఇక ప్రెస్ నోట్. నిజమైన సెలవు నోటులో పైన జిల్లా పేరు, తేదీ ఉంటాయి, మధ్యలో ఏయే విద్యాసంస్థలకో ఉంటుంది, కింద అధికారి హోదా ఉంటుంది. వాట్సాప్‌లో తిరిగేటప్పుడు ఈ నాలుగూ నాలుగు రకాలుగా చెడిపోతాయి. నిలువు ఫొటో చాట్‌లో పడగానే పైనా కిందా తెగి నడుమ ముక్క మాత్రమే కనబడుతుంది, అంటే జిల్లా పేరూ తేదీ తెర బయటే ఉండిపోతాయి. వాయిస్ మెసేజ్ అయితే ఇంకా ప్రమాదం, సోమవారం చెప్పిన 'రేపు' మంగళవారం విన్నవాడికి బుధవారమైపోతుంది. మూడోది, 'పాఠశాలలు, అంగన్‌వాడీ కేంద్రాలు' అని రాసి ఉన్నా బీటెక్ మూడో సంవత్సరం వాడు తనను కూడా అంగన్‌వాడీలో కలుపుకుంటాడు. నాలుగోది, యూనివర్సిటీ పరీక్ష వాయిదా కలెక్టరు నోటుతో పడదు, పరీక్షల విభాగం వేరే ప్రకటన ఇవ్వాలి. ఇవన్నీ చూసే ఓపిక లేనివాడు కనీసం మెసేజ్ మీద రెండు బాణాల గుర్తుందేమో చూడాలి. అంటే అది అయిదు చేతులో అంతకంటే ఎక్కువో మారి వచ్చిందని. అప్పటినుంచి దాన్ని వాట్సాప్ ఒక్కసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తుంది. హాస్టల్ గ్రూపులో ఈ ఆంక్ష ఏ మాత్రం పనిచేయదు, అందరూ ఉండేది ఆ ఒక్క గ్రూపులోనే.

2025 ఆఖర్లో జిల్లాల హద్దులు మళ్లీ మారకముందు సంగతి ఇది. ఒక మంగళవారం మూడు గంటలకు ఆ గ్రూపులో ఒక నోటు పడింది. రెండు బాణాలున్నాయి. తెరమీద కనిపించిన ముక్కలో 'గూడూరు డివిజన్‌తో సహా జిల్లాలోని అన్ని విద్యాసంస్థలకు బుధవారం సెలవు' అని ఉంది. తేదీ సరైనదే, సంతకం సరైనదే, నోటులో అబద్ధమన్నది లేదు. గూడూరంటే నెల్లూరు జిల్లానే గదా అని మనవాడు పుట్టినప్పటినుంచి ఎరుగును. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు తన కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరులో కలవడం కూడా బాగా గుర్తుంది, కేకు కూడా కోశారు. అదే రోజున గూడూరు, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాకు పోయిన ముక్క మాత్రం తలలో ఎక్కడా నిలవలేదు. వచ్చినవాళ్లను గుర్తుపెట్టుకుంటాం, పోయినవాళ్లను ఎవరు లెక్కేస్తారు!

బుధవారం పొద్దున్నే ల్యాబ్ ఇంటర్నల్. "రేయ్, వార్డెన్‌ను ఒక మాట అడుగు" అని రూమ్మేట్ అన్నాడు. అడిగితే లేదంటాడేమోనన్న భయంతో అడగలేదు. నాలుగు గంటల బస్సుకు సీటు దొరికింది. కావలి దాటేసరికి అద్దాలు కనబడని వాన, కిటికీ రబ్బరు ఊడి ఎడమ మోకాలు తడిసింది. ఫోన్లో ఛార్జింగు 31 శాతం. ఇంటికెళ్లి పెట్టుకుందామని శ్రీహరికోట రాడార్ బొమ్మ చూస్తూనే ఉన్నాడు. ఊళ్లో దిగేసరికి 9 శాతం, ఊరంతా చీకటి. స్తంభం ఒరిగి సాయంత్రమే కరెంటు పోయింది.

"ఏందబ్బయా, ఇంత వానలో వచ్చినావే?" అంది వాళ్లమ్మ.

"సెలవిచ్చినారమ్మా."

గొడుగు మూస్తూ లోపలికొచ్చిన నాయన ఆగాడు. "యాడిచ్చినారు? పొద్దుగూకులా టీవీలో తిరుపతి జిల్లా అంటుండారే."

అప్పుడు ఫొటో మీద వేలు పెట్టి పూర్తిగా తెరిచాడు. పైన నల్లటి పెద్ద అక్షరాల్లో తిరుపతి జిల్లా అని ఉంది. ఆ పేరు చదివిన వెలుతురుకు ఫోన్ 8 శాతానికి దిగింది.

తెల్లవారుజామున నాలుగున్నరకు లాంతరు పట్టుకుని నాయన రోడ్డుదాకా వచ్చాడు. కొడుకును సాగనంపడానికి కాదు, పొగాకులో నీళ్లు ఎంతవరకు నిలిచాయో చూసుకోవడానికి. బస్సెక్కిన పది నిమిషాలకు ఫోన్ ఆగిపోయింది. బస్సు కావలిలో టీకి ఆగిన సమయానికి, అంటే ఆరున్నర ప్రాంతంలో, నెల్లూరు జిల్లాకు నిజమైన సెలవు వచ్చింది. రాత్రంతా కురిసిన వానకు ఇచ్చారు. పక్క సీట్లో ఆయనకు తెలుసు, కానీ రికార్డు బుక్కు పాలిథిన్ కవర్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని వైవా ప్రశ్నలు గొణుక్కుంటున్న పిల్లవాడిని చూసి, పాపం ఏదో పెద్ద పరీక్షకు పోతున్నాడనుకుని కదపలేదు. మర్యాదస్తులతో ఇదే ఇబ్బంది.

కాలేజీ గేటు దగ్గర ప్యాంటు మోకాళ్లదాకా మడిచి నిలబడ్డవాణ్ణి వాచ్‌మన్ ఎగాదిగా చూశాడు. "సెలవు గదా నాయనా. హాస్టల్ పిలకాయలు అందరూ ఇళ్లకు పోయినారు. మెస్ గూడా మూసేసినారు. నువ్వేంది వస్తుండావు?" రిజిస్టర్‌లో పేరు, టైము రాయించుకుని గానీ లోపలికి పంపలేదు. ఆ రోజంతా వాడి భోజనం ఎదురుగా బడ్డీకొట్లో మిగిలిన బన్నులు, బ్యాగులో అమ్మ పెట్టిన ఆవకాయ. రోడ్డు మీద నీళ్లెక్కి బస్సులు తగ్గించడంతో తిరిగి ఇంటికి పోయే దారి కూడా లేదు. రూమ్మేట్ సాయంత్రం ఇంటినుంచి కారం దోసె ఫొటో పెట్టాడు.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. కాలేజీ వాళ్లు గ్రూపులో పెట్టిన సర్క్యులర్ రెండు పేజీల పీడీఎఫ్. మొదటి పేజీలో సెలవు. రెండో పేజీలో, ఆ సెలవుకు బదులుగా వచ్చే రెండో శనివారం పూర్తిరోజు తరగతులు జరుగుతాయని ఉంది. పీడీఎఫ్ తెరవడం బరువు గనుక ఎవరో మొదటి పేజీని స్క్రీన్‌షాట్ తీశారు, అదే ఊరంతా తిరిగింది. సెలవుకు బదులు పనిదినం పెట్టడం ప్రతి తుపానుకూ ఉండేదే, దాన్ని ఫార్వర్డ్ చేసే పుణ్యాత్ముడే ఎప్పుడూ దొరకడు. రెండో శనివారం మనవాడు పొలంలో నాయన వెంట పొగాకు నారు అందిస్తున్నాడు.

అప్పటిదాకా 520 పీరియడ్లకు 391 హాజరు, అంటే 75.19 శాతం. ఆ శనివారం ఏడు పీరియడ్లు కలిసి లెక్క 527కు 391 అయింది, 74.19. జేఎన్‌టీయూ నిబంధన ప్రకారం 75 తగ్గితే పరీక్షకు కూర్చోనివ్వరు. 65కు పైన ఉన్నవాళ్లు వైద్య కారణం చూపించి, కండోనేషన్ ఫీజు కడితే దయతలుస్తారు. ఆ రెండూ, అంటే కారణమూ ఫీజూ, నాయన దగ్గర్నుంచే రావాలి. ఫీజు డబ్బులిచ్చాడు. కారణం మాత్రం నువ్వే వెతుక్కోమన్నాడు.

ఊరి డాక్టరు 'వానలో తడిసినందువల్ల జ్వరం' అని రాసి, శనివారం తేదీ వేసిచ్చాడు. విభాగాధిపతి కళ్లద్దాలు సర్దుకుని కాగితం రెండువైపులా చూశాడు.

"ఆ శనివారం నెల్లూరులో ఎండ మాడిపోయింది. వాన యాడ పడింది?"

"వాన బుధవారం సార్. జ్వరం లోపల్నే ఉండి శనివారం బయటపడింది."

"బుధవారం యాడ తడిసినావు?"

"కాలేజీకి వస్తా సార్."

ఆయన వాచ్‌మన్ రిజిస్టర్ తెప్పించి పేజీలు తిప్పాడు. బుధవారం కింద ఒకే ఒక్క పేరుంది. చూపుడువేలు దాని మీద ఆనించి, "సెలవు రోజున తడుసుకుంటా వచ్చినావు. క్లాసుండే రోజున మాత్రం రాలేదు. ఈ జ్వరానికి నా దగ్గర మందు లేదబ్బయా, కౌంటర్లో ఫీజు కట్టి రసీదు తీసకరా" అన్నాడు.