143వ పేజీలో తెల్లావు

నవల పేరు చెప్పను. చెప్తే మీరు కొంటారు, కొంటే నాలుగొందల యాభై రూపాయలు పోతాయి, ఆ పాపం నాకెందుకు, అదే డబ్బు పట్టుకుని పొద్దున్నే చేపల మార్కెట్‌కి పోతే ఇంటిల్లిపాదికీ పులుసుకి సరిపడా వస్తాయి. కానీ పోయిన ఆదివారం సాయంత్రం మన నెల్లూరు టౌన్ హాల్లో ఆ పుస్తకాన్ని ఆవిష్కరించారు, నేనూ పోయినా, ముందు వరసలో కూర్చున్నా, వాళ్ళిచ్చిన కాఫీ తాగినా, కాబట్టి తెలుగు సాహిత్యం పట్ల నా బాధ్యత నేను నెరవేర్చాల.

రచయిత మనోడే. పదిహేనేళ్ళు బయట దేశాల్లో ఉండి ఇదే మొదటి నవల రాశాడు. వేదిక మీద తొమ్మిది కుర్చీలు, పద్నాలుగు మంది పెద్దమనుషులు. శాలువాలు లెక్కపెట్టడం పదకొండు దగ్గర ఆపేసినా. మైకు మధ్యమధ్యలో కుయ్యిమని ఏడుస్తా ఉంటే మైక్ సెట్ పిల్లోడు పరిగెత్తుకొచ్చి ఏదో తిప్పి పోతా ఉన్నాడు. వెనక ఫ్లెక్సీ మీద ఒక పక్క మన రంగనాయకుల గుడి గాలిగోపురం, ఇంకో పక్క రియోలో చేతులు చాపి నిలబడ్డ ఏసుక్రీస్తు, ఇద్దరి మధ్యలో కూలింగ్ గ్లాసులతో రచయిత. కింద ఎర్ర అక్షరాల్లో ‘ఖండాలు దాటిన ప్రేమ, ప్రాణాలకి తెగించిన సాహసం, రెండు సంస్కృతుల సంగమం’ అని. ఫ్లెక్సీ వేసినోడు సంస్కృతులకి ఒక వత్తు ఎక్కువేశాడు, మిగతాదంతా కరెక్టే.

కథ సింపులే. నెల్లూరు కుర్రోడు ప్రాజెక్ట్ పని మీద బ్రెజిల్ పోతాడు, సాల్వడార్ ఊళ్ళో సముద్రం ఒడ్డున ఒక అమ్మాయి ఎదురుపడి ‘హోలా’ అంటాది, ఇతగాడు అక్కడికక్కడ పడిపోతాడు. ఈడ చిన్న సంగతి. బ్రెజిల్లో మాట్లాడేది పోర్చుగీసు, హోలా అనేది స్పానిష్. పోర్చుగీసులో ‘ఓలా’ అంటారు, మన క్యాబ్ మాదిరి. అంటే ప్రేమ మొదలయ్యే మొట్టమొదటి మాటే పక్క దేశానిది. సరే, పొరపాట్లు ఎవరికైనా జరగతాయిలే అనుకున్నా. కానీ ఆ తర్వాత నలభై పేజీల పాటు హీరో, ఈ భాషలో ఒక్క ముక్క నాకు రాదే, మా రెండు లోకాలకీ మధ్య వంతెన యాడుందే అని కుమిలిపోతా ఉంటాడు చూడండి, అప్పుడు వొళ్ళు మండింది. ఒరే నాయనా, నువ్వు భుజాన వేసుకున్న తువ్వాలు పోర్చుగీసు మాట. నీ చొక్కాకి చేసిన ఇస్త్రీ పోర్చుగీసు. మీ అమ్మ చీరలు దాచుకునే అలమారా పోర్చుగీసు, మీ ఇల్లు కట్టిన మేస్త్రీ పోర్చుగీసు, సంతలో అనాసపండైతే పోర్చుగీసోళ్ళకి కూడా ఆ దక్షిణ అమెరికా ఆదివాసీల నోట్లోంచే వచ్చింది. నువ్వు పొద్దున లేచి తల తుడుచుకుని అలమారా తీసి ఇస్త్రీ చొక్కా తగిలించుకునే లోపలే సగం పోర్చుగీసు మాట్లాడేసి ఉంటావు, ఆ పిల్ల ముందు మూగోడి మాదిరి నిలబడాల్సిన పనేందిరా.

సాహసాల గురించి ఎక్కువ చెప్పను. అనకొండ ఉంది. మొసలి ఉంది. వేళ్ళాడే వంతెన ఉంది, అది తెగతాది.

ఇంగ 143వ పేజీకి వద్దాం. 143 అంటే ఏందో కాలేజీ బెంచీల మీద కాంపస్ ముల్లుతో చెక్కినోళ్ళందరికీ తెలుసు, రచయిత కావాలనే ఈ సీన్ ఈ పేజీలో పెట్టాడని నా అనుమానం. హీరో అడవిలో దారి తప్పి మూడు రోజులు తిండీ నీళ్ళూ లేకుండా తిరిగి, నాలుగో రోజు తెల్లారేసరికి ఒక మైదానంలోకి వచ్చి పడతాడు. పొగమంచులో ఒక పశువు నిలబడి ఉంటాది. తెల్లగా. మూపురంతో. మెడ కింద గంగడోలు ఊగతా. పొట్టి కొమ్ములు, కాటుక పెట్టినట్టు కళ్ళు. అది చూసి హీరో మోకాళ్ళ మీద కూలబడతాడు. ఏ లోకం నించి దిగొచ్చిన జీవివి నువ్వు అని అడగతాడు. ఆవుని. ఆవు నెమరేస్తా ఉంటాది. అంతలో గుర్రమెక్కి హీరోయిన్ వస్తాది, ఆ మంద వాళ్ళ నాయనదే, దిగి, ఆవు మూపురం మీద చెయ్యేసి, మెల్లగా ‘నెలోరి’ అంటాది. అంతే. తన ఊరి పేరు! ఇంత దూరాన, ఈ అడవి అంచున, తన మీద ప్రేమకొద్దీ ఈ పిల్ల తన ఊరి పేరు పలికింది! ఏడుస్తాడు. ఆ పిల్లా ఏడుస్తాది, ఎందుకో ఆ పిల్లకే తెలియదు. మూడు పేజీలు ఇద్దరూ ఏడుస్తారు, పెన్నా నదిని ఒకసారి, అమెజాన్ నదిని ఒకసారి వర్ణిస్తారు, రెండు నదులూ కన్నీళ్ళలో కలుస్తాయి, ఆవు మాత్రం నెమరేస్తానే ఉంటాది. మొత్తం నవల్లో బుద్ధున్న పాత్ర అదొక్కటే.

అబ్బయా, ఆ పిల్ల నిన్ను పిలవలా. ఆవు జాతి పేరు చెప్పింది.

ఆ తెల్లావు మన ఒంగోలు ఆవు. బ్రెజిల్లో దాన్ని నెలోర్ అంటారు, వాళ్ళ నోట్లో అది నెలోరి. 1868లో ఇంగ్లాండుకి పోతా ఉన్న ఓడొకటి సాల్వడార్ రేవులో ఆగితే అందులో ఉన్న ఒంగోలు జత ఆడ దిగింది. అదే సాల్వడార్, మనోడు ‘హోలా’ విన్న సాల్వడారే. అప్పట్లో ఒంగోలు ఉండింది నెల్లూరు జిల్లాలో, ప్రకాశం జిల్లా పుట్టిందే 1970లో, అందుకని మన జిల్లా పేరే ఆ జాతికి ఇంటిపేరై కూర్చుంది. ఆ తర్వాత కూడా 1960ల దాకా పోతానే ఉన్నాయి, ఒంగోలు పక్కన కరవది నించి పోయిన ఎద్దుకి ఆడ పేరే కరవది. ఈరోజు బ్రెజిల్లో మనుషుల కంటే పశువులెక్కువ, ఆ పశువుల్లో మన తెల్లవాటిదే పెద్ద వాటా. వియాటినా-19 అనే ఆవుకి మన లెక్కలో నలభై కోట్ల దాకా విలువ కట్టారని, ప్రపంచంలో అంత ఖరీదైన ఆవు ఇంకోటి లేదని మన పేపర్లూ ఛానళ్ళూ వాట్సాప్ గ్రూపులూ మోగిపోయినాయి. రచయిత ఆ వారం వాట్సాప్ చూసినట్టు లేదు. ఖండాలు దాటిన ప్రేమ, సంస్కృతుల సంగమం, ఇవన్నీ నూటయాభై ఏళ్ళ కిందటే మన ఆవు చేసేసింది, వీసా లేకుండా, నవల రాయకుండా, శాలువా కప్పించుకోకుండా.

మా అమ్మమ్మ వాళ్ళది ఒంగోలు కింద పల్లెటూరు, తాతకి ఎద్దుల పిచ్చి. బండలాగుడు పందేలకి పోతే నన్ను భుజాన ఎక్కించుకుని పొయ్యేవాడు, కొత్త జత కనపడితే చాలు దగ్గరికి పోయి పెదవి పైకెత్తి చూసేవాడు, రెండు పళ్ళా, నాలుగు పళ్ళా, ఆరు పళ్ళా అని. పందెంలో విభాగాలే పళ్ళని బట్టి కదా. తాత చొక్కా చేతికి ఎప్పుడూ ఎద్దు చొంగ వాసన. ఆయన గానీ ఉండుంటే ఆ 143వ పేజీ చదివించి వినిపిస్తే ముందు రచయిత పెదవి ఎత్తి చూసుండేవాడు.

మీటింగ్ అయినాక సంతకాల లైన్లో నిలబడి అడిగినా. “అన్నా, ఆ ఆవు మన ఒంగోలుదన్నా” అని. ఆయన తలెత్తకుండా సంతకం పెడతానే, “ఫిక్షన్ అబ్బయా, లాజిక్ అడగబాక” అన్నాడు. “ఎంజాయ్ చెయ్యి.” పుస్తకం మీద నా పేరు కూడా తప్పు రాశాడు, అదీ ఫిక్షనే కాబోలు.

పిండేది అయిపోయిందనుకోబాకండి, పొదుగులో ఇంకా ఉండాయి. రెండో భాగంలో హీరోయిన్ నెల్లూరు వస్తాది. రాగానే ఏం జరగతాదో మీరే చెప్పండి, చెప్పగలరు. అత్తగారు చేపల పులుసు వడ్డిస్తాది, మామిడికాయ ముక్కలేసి, ముందు రోజు రాత్రి వండి పొద్దున తినే పులుసు, ఆ పిల్ల ముద్ద నోట్లో పెట్టుకుంటాది, ముఖం ఎర్రగా కందిపోతాది, ముక్కు కారతాది, కళ్ళల్లో నీళ్ళు, ఇల్లంతా నవ్వు, అత్తగారు చక్కెర నోట్లో పోస్తాది, ఆ క్షణంలో ఆ పిల్ల మన కోడలైపోతాది. అయ్యా, మిరపకాయ వాళ్ళది! ఆ ఖండం నించే పోర్చుగీసోళ్ళ ఓడల్లో మన రేవులకొచ్చింది, అంతకుముందు మన తాతముత్తాతలు మిరియాలతో సరిపెట్టుకున్నోళ్ళే. సాల్వడార్ పిల్ల అంటే కొబ్బరిపాలు పోసి మిరపకాయ నంజుకుని చేపల కూర తినే ఊరి పిల్ల. నిజానికి ఆ పిల్ల ముద్ద తిని, “బాగుందత్తయ్యా, కొంచెం కారం తగ్గింది” అనాల. అప్పుడుంటాది సంగమం, అత్తగారి ముఖంలో.

ఇంతవరకూ నవ్వులాటే. ఇంగ ముఖ్య అతిథి గురించి.

ముఖ్య అతిథి మా మండలం పెద్దమనిషి, ఊరి పేరు కూడా రాయను. ఆయన మైకు పట్టుకుని నలభై నిమిషాలు మాట్లాడాడు. ప్రేమకి కులం లేదు, మతం లేదు, దేశం లేదు అన్నాడు. మన నెల్లూరు నేలే అట్టాంటిదన్నాడు, రొట్టెల పండగ చూడండి అన్నాడు. అది నిజమే. మొహర్రం వచ్చిందంటే బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఎవరి చేతి రొట్టె ఎవరు తింటున్నారో అడగరు, చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, ఫారిన్ రొట్టె, కోరిక తీరినోళ్ళు తెచ్చి ఇస్తారు, కోరిక ఉన్నోళ్ళు పట్టుకుంటారు, 2015లో రాష్ట్ర పండగ కూడా చేశారు. ఈ పెద్దమనిషి ఏటా పోతాడు, తలకి కర్చీఫ్ కట్టుకుని రొట్టె పట్టుకుంటాడు, ఆ ఫొటో పేపర్లో వస్తాది.

మూడేళ్ళ కిందట ఈయన తమ్ముడి కూతురు ఒకబ్బాయిని ఇష్టపడింది. అబ్బాయిది బ్రెజిల్ కాదు. కాలనీ. మా వైపు కాలనీ అంటే ఏ కాలనీ అని అడగాల్సిన పని లేదు, మధ్యలో ఒక సిమెంటు రోడ్డు, అంతే, పదిహేను అడుగులు. అబ్బాయి వాళ్ళు చర్చికి పోతారు, కాబట్టి ఇద్దరూ ఎవరో లాయర్ని అడిగి స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద అప్లికేషన్ పెట్టుకున్నారు, 1954 నాటి చట్టం, ప్రేమించినోళ్ళ కోసమే చేసిందంట. దాని ప్రకారం ముప్పై రోజులు నోటీసు పెట్టాల. ఎవరు, ఏ వయసు, ఏం పని, ఏ వూరు, యాడ ఉంటారు, అన్నీ టైపు చేసి ఆఫీసు గోడకి అంటిస్తారు, ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. అనకొండ, మొసలి ఇవన్నీ ఏం సాహసాలు సామీ, పారిపోవాలనుకున్న పిల్లలు వాళ్ళ అడ్రసు వాళ్ళే గోడకి అంటించుకుని ముప్పై రోజులు ఊపిరి బిగబట్టుకుని కూర్చోవడం కంటే! తొమ్మిదో రోజు పొలం రిజిస్ట్రేషన్‌కి పోయిన బంధువొకడు ఆ కాగితం చూసి ఫోన్లో ఫొటో తీశాడు. చట్టం ప్రకారం అభ్యంతరం చెప్పాలంటే దానికి కారణాలుండాల, కులం అందులో లేదు. వీళ్ళకి చట్టంతో పనేంది, రెండు ఇన్నోవాలు చాలు. ఆ పిల్ల ఎమ్మెస్సీ మధ్యలో ఆగింది, ఫోన్ పోయింది, చెన్నైలో మేనత్త ఇంటికి పంపించారు, నలభై రోజుల్లో అమెరికా సంబంధం. ఆ సంబంధం చూసేటప్పుడు అబ్బాయి తరఫోళ్ళు అడిగిన ప్రశ్నలు నాకు తెలుసు, తండ్రెవరు, తల్లెవరు, తల్లి తరఫు ఎవరు, బయట రక్తం కలిసిందా అని. మా తాత పళ్ళు చూసి ఊరుకునేవాడు, అదే నయం. ఇప్పుడు ఆ పిల్ల న్యూజెర్సీలో ఉంది. ఖండాలు దాటింది ఆ పిల్లే, ప్రేమ మాత్రం రోడ్డు దాటలా.

అట్టాంటి మనిషి మైకు ముందు నిలబడి ప్రేమకి ఎల్లలు లేవు అంటా ఉంటే హాలంతా చప్పట్లు. సిగ్గు లేకుండా చప్పట్లు. నాకు తెలిసినోళ్ళే, అదే ఊరోళ్ళే, ఆ రోజు ఇన్నోవాలో కూర్చున్నోళ్ళు కూడా ఇద్దరున్నారు, వాళ్ళూ కొట్టారు. సముద్రం అవతల పిల్లతో మన కుర్రోడు కలిస్తే సంస్కృతుల సంగమం, రోడ్డవతల కుర్రోడితో మన పిల్ల కలిస్తే పరువు! మీ పరువుని బండకి కట్టి ఎద్దులతో లాగించాల. రెండు పళ్ళ విభాగంలో.

సరిగ్గా ఆ మాట దగ్గరే మైకు మళ్ళీ కుయ్యిమంది. మైక్ సెట్ పిల్లోడు వచ్చి పెద్దమనిషి పక్కనే ఒంగి, రెండు వేళ్ళతో మెల్లగా సౌండ్ తగ్గించాడు. పెద్దమనిషి గుర్తుపట్టలా. గుర్తుపట్టకపోవడానికి కారణముంది, ఆ రోజు స్టేషన్లో ఆయన వాడి ముఖం చూసి మాట్లాడింది లేదు.

అందరూ పోయినాక హాల్లో వాడొక్కడే మోచేతికీ బొటనవేలికీ మధ్య వైరు చుట్టుకుంటా ఉంటే దగ్గరికి పోయినా. ఏం మాట్లాడాలో తెలియక, “ఏరా అబ్బయా, నవల కొన్నావా?” అన్నా.

“నాకెందుకన్నా” అన్నాడు, చుట్ట ముడేస్తా. “పోయేటప్పుడు ఆ రచయిత సార్ కనపడితే కొంచెం చెప్పన్నా, మైక్ బాడుగ ఇంకా ఇయ్యలా.”